గ్రాంట్ వస్తుంది సరే, నీళ్లు వస్తాయా? అరకు కొండల్లో సర్వీస్ క్లబ్ ప్రాజెక్ట్ చేయాలంటే



ఈరోజు ఎపిసోడ్ సగం డబ్బు గురించి, సగం నీళ్ల గురించి. రోటరీ, లయన్స్ లాంటి సర్వీస్ క్లబ్బులు ఉంటాయి కదా, అవి గ్రాంట్ తెచ్చుకుని మన అరకు, పాడేరు, అనంతగిరి కొండల్లో పని చేయాలంటే ఏం చేయాలి? ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? లెక్క ఎలా ఉంటుంది? కాలేజీలో చదువుతున్న మీకు ఇందులో పని ఏముంది? ఇవన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఒక చిన్న సంగతి చెప్తాను. బీటెక్ ఫైనల్ ఇయర్‌లో ఒక క్లబ్ వాళ్లతో కలిసి ఏజెన్సీలో ఒక ఊరికి వెళ్లాను. ఊరి పేరు, క్లబ్ పేరు వద్దులెండి. మంచినీళ్ల ఆర్వో ప్లాంట్ పెట్టాం. రిబ్బన్ కట్ చేశాం, గ్రూప్ ఫోటో దిగాం, సాయంత్రానికి వైజాగ్ దిగిపోయాం. నా స్టేటస్‌కి వచ్చిన లైకులు చూసుకుని తెగ సంబరపడ్డాను. ఏడాది తర్వాత అటువైపు వెళ్తే ప్లాంట్ రూమ్‌కి తాళం వేసి ఉంది. ఆడవాళ్లు బిందెలతో మళ్లీ పాత ఊట దగ్గరికే నడుస్తున్నారు. ఒక పెద్దావిడని అడిగితే, "ప్లాంటు వచ్చింది బాబూ, కరెంటు రాలేదు" అంది. గాలొస్తే రెండు మూడు రోజులు కరెంటు ఉండదు. ఫిల్టర్ మార్చాలంటే వైజాగ్ వెళ్లాలి. ఆ ఖర్చు ఎవరిదో ఎవరూ అనుకోలేదు. ఊట నీళ్లతో అసలు ఇబ్బంది ఏంటని ఆ ఊళ్లో ఒక్కరినీ మేం అడగలేదు. నేనూ అడగలేదు.

ఆ రోజు మా దగ్గర డబ్బు ఉంది, మనసూ ఉంది. లేనిదల్లా ఆ ఒక్క ప్రశ్న. గ్రాంట్ రూల్స్ చదువుతుంటే నాకు తర్వాత అర్థమైంది, ఆ ఫారమ్‌లో సగం ప్రశ్నలు ఇదే అడుగుతాయి. మనం వాటిని పేపర్ వర్క్ అని విసుక్కుంటాం, అంతే.

డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

రోటరీ 1905లో అమెరికాలో షికాగోలో మొదలైంది. 1917లో ఆర్చ్ క్లంఫ్ అనే ఆయన, మంచి పనుల కోసం ఒక నిధి పెడదాం అన్నాడు. దానికి వచ్చిన మొదటి విరాళం 26 డాలర్ల 50 సెంట్లు. అదే ఇప్పుడు రోటరీ ఫౌండేషన్. పోలియో మీద 1985లో పోలియో ప్లస్ మొదలుపెట్టింది వీళ్లే. మన దేశంలో చివరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో వచ్చింది. 2014 మార్చిలో మనకు పోలియో రహితం అన్న సర్టిఫికెట్ వచ్చింది. ప్రభుత్వాలు, డబ్ల్యూహెచ్‌ఓ, యూనిసెఫ్ అందరూ కలిసి చేసిన పని అది. అందులో క్లబ్బుల పాత్ర పెద్దదే.

లయన్స్‌కి కూడా ఇలాంటిదే ఉంది, ఎల్‌సీఐఎఫ్ అంటారు, 1968లో పెట్టారు. కంటి చూపు కోసం 1990లో సైట్ ఫస్ట్ అనే ప్రోగ్రామ్ మొదలుపెట్టారు. లయన్స్ గ్రాంట్ల పద్ధతి వేరు, కానీ క్లబ్ కొంత పెడితే ఫౌండేషన్ కొంత కలపడం అనే ఐడియా అక్కడా ఉంది. ఈరోజు రోటరీ లెక్కనే ఉదాహరణగా తీసుకుందాం. ఒకటి అర్థమైతే రెండోది పట్టుకోవడం ఈజీ.

రోటరీలో ముఖ్యంగా రెండు రకాల గ్రాంట్లు. ఒకటి డిస్ట్రిక్ట్ గ్రాంట్, ఇంకోటి గ్లోబల్ గ్రాంట్. ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే మన కలెక్టర్ ఉండే జిల్లా కాదు, క్లబ్బుల గుంపు. వైజాగ్ క్లబ్బులు 3020 అనే డిస్ట్రిక్ట్‌లోకి వస్తాయి.

సభ్యులు ఏటా యాన్యువల్ ఫండ్‌కి డబ్బు ఇస్తారు. ఆ డబ్బు మూడేళ్లు పెట్టుబడిలో ఉంటుంది. తర్వాత అందులో 47.5 శాతం ఆ డిస్ట్రిక్ట్‌కే తిరిగి వస్తుంది. దీన్ని డీడీఎఫ్ అంటారు. ఇంకో 47.5 శాతం వరల్డ్ ఫండ్‌కి వెళ్తుంది. మిగతా 5 శాతం నిర్వహణ ఖర్చు. అంటే ఈ ఏడాది మీ క్లబ్ వాడే డీడీఎఫ్, మూడేళ్ల కిందట ఇదే ఏరియా వాళ్లు ఇచ్చిన డబ్బే. చిట్టీ పాట లాంటిదని కొందరు అనుకుంటారు, కానీ కాదు. ఇది ఎవరి వంతూ కాదు. మంచి ప్రపోజల్‌కే వస్తుంది.

డిస్ట్రిక్ట్ గ్రాంట్ చిన్న పనులకి. రూల్స్ కూడా కొంచెం సులువు. డీడీఎఫ్‌లో సగం వరకు దీనికి వాడుకోవచ్చు. గ్లోబల్ గ్రాంట్ పెద్ద పనులకి. ప్రాజెక్ట్ మొత్తం బడ్జెట్ కనీసం 30,000 డాలర్లు ఉండాలి. డాలర్ 85 రూపాయలు అనుకుంటే పాతిక లక్షల యాభై వేలు.

లెక్క ఒకసారి వేద్దాం

గ్లోబల్ గ్రాంట్‌కి రెండు క్లబ్బులు కావాలి. ఒకటి పని జరిగే దేశంలోది, ఇంకోటి బయట దేశంలోది. పెట్టే డబ్బులో కనీసం 15 శాతం బయట దేశం నుంచి రావాలి. ఇప్పుడు ఊహకి ఒక లెక్క.

మన డిస్ట్రిక్ట్ డీడీఎఫ్ నుంచి 5,000 డాలర్లు. అమెరికాలో ఒక డిస్ట్రిక్ట్ డీడీఎఫ్ నుంచి 10,000. మొత్తం 15,000. దీనికి వరల్డ్ ఫండ్ 80 శాతం కలుపుతుంది, అంటే 12,000. ఇప్పటికి 27,000. మన క్లబ్ సభ్యులు క్యాష్‌గా 3,000 వేస్తే 30,000 అయింది.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకప్పుడు డీడీఎఫ్‌కి 100 శాతం కలిపేవాళ్లు. 2021 జూలై నుంచి 80 శాతం చేశారు. ఇంతకుముందు క్యాష్‌కి కూడా సగం కలిపేవాళ్లు, ఇప్పుడు అది లేదు. పైగా క్యాష్‌ని ఫౌండేషన్ ద్వారా పంపితే అదనంగా 5 శాతం కట్టాలి. 3,000కి 150 డాలర్లు. యూట్యూబ్‌లో పాత వీడియో చూసి లెక్క వేసుకుంటే బడ్జెట్ తప్పుతుంది. అప్లై చేసే రోజున రూల్స్ కొత్తగా చదవండి.

బయట దేశం క్లబ్ ఎక్కడ దొరుకుతుంది అంటారా? తెలుగువాళ్లు లేని దేశం ఏది చెప్పండి! మీ అక్కో, బావగారో, సీనియరో డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉంటారు. వాళ్ల ఊళ్లో రోటరీ క్లబ్ ఉంటే ఒక పరిచయం అడగండి. చాలా పార్ట్‌నర్‌షిప్‌లు ఇలా ఒక ఫోన్ కాల్‌తోనే మొదలవుతాయి.

విదేశీ డబ్బు అనగానే ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం వస్తుంది. బయటి నుంచి డబ్బు తీసుకోవాలంటే రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా న్యూఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్ ఖాతాలోనే పడాలి. తీసుకున్న సంస్థ దాన్ని ఇంకో సంస్థకి ఇవ్వకూడదు. కాబట్టి "వాళ్లు మాకు పంపుతారు, మేం ఆ కొండ మీద ఎన్‌జీఓకి ఇచ్చేస్తాం" అనే ప్లాన్ కుదరదు. డబ్బు ఏ ఖాతాలోకి, ఏ రూట్‌లో వస్తుందో డిస్ట్రిక్ట్ ఫౌండేషన్ కమిటీని, ఒక ఆడిటర్‌ని ముందే అడగాలి.

పాతిక లక్షల ఆశ

ఇప్పుడు అసలు చిక్కు ఇక్కడ ఉంది. 40 ఇళ్ల గూడేనికి నీళ్లు తేవడానికి పాతిక లక్షలు అవసరం కాకపోవచ్చు. కానీ గ్లోబల్ గ్రాంట్ రావాలంటే బడ్జెట్ 30,000 డాలర్లు దాటాలి. అప్పుడు ఏం చేస్తాం? ఒక ఆర్వో ప్లాంట్ కలుపుతాం, పది కంప్యూటర్లు కలుపుతాం, ఒక బోర్డు, ఒక షెడ్డు కలుపుతాం. గ్రాంట్ సైజుకి సరిపడా ఊరి అవసరాన్ని సాగదీస్తాం. మా ప్లాంట్ చచ్చింది అచ్చంగా ఇలాగే.

సరైన దారి రెండు. పని చిన్నదైతే డిస్ట్రిక్ట్ గ్రాంట్‌తో చేయండి. లేదంటే ఒకే కొండ వరసలో ఒకే ఇబ్బంది ఉన్న ఐదారు గూడేల్ని కలిపి, అన్నింటికీ ఒకే డిజైన్, ఒకే రిపేర్ టీమ్‌తో పెద్ద ప్రాజెక్ట్ చేయండి. అవసరాన్ని చూసి గ్రాంట్ ఎంచుకోవాలి. గ్రాంట్‌ని చూసి అవసరం తయారు చేయకూడదు.

అందుకే గ్లోబల్ గ్రాంట్‌కి కమ్యూనిటీ అసెస్‌మెంట్ తప్పనిసరి చేశారు. ఊరి వాళ్లతో మాట్లాడి, ఏం ఉంది, ఏం లేదు, వాళ్లు ముందు ఏది కావాలంటున్నారు అని రాయాలి. ముందే అయిపోయిన పనికి డబ్బు ఇవ్వరు. క్లబ్ సభ్యుడి షాపు నుంచి పైపులు కొంటున్నారంటే ఆ సంబంధం దాచకుండా చెప్పాలి.

ఊట దగ్గర, ఒక బకెట్, ఒక ఫోన్

మన కొండల్లో నీళ్ల సంగతి చూద్దాం. అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. వాన బాగానే పడుతుంది. ఆ నీరు కొండలో ఇంకి పక్కలమ్మట ఊటగా వస్తుంది. ఊట ఊరికంటే పైన ఉంటే మోటార్ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఊట దగ్గర చిన్న పెట్టెలా కట్టి, ఇసుక దిగడానికి ఒక తొట్టి పెట్టి, పైపు వేస్తే నీళ్లు వాటంతట అవే కిందికి వస్తాయి. దీన్ని గ్రావిటీ స్కీమ్ అంటారు. నర్సీపట్నం వైపు పనిచేసే విశాఖ జిల్లా నవ నిర్మాణ సమితి లాంటి సంస్థలు ఈ ఏజెన్సీలో ఇలాంటివి చేసి చూపించాయి. కొత్తగా కనిపెట్టేది ఏం లేదు, వెళ్లి చూసి నేర్చుకోవడమే.

కానీ ఊట సరిపోతుందా? దీనికి ఇంజనీర్ అక్కర్లేదు, మీరే చెప్పగలరు. ఏప్రిల్ గానీ మే గానీ, ఎండలు ముదిరినప్పుడు వెళ్లండి. పది లీటర్ల బకెట్ తీసుకుని ఊట నీళ్లన్నీ దాంట్లో పడేలా పెట్టండి. ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఆన్ చేయండి.

లెక్క ఇది. 40 ఇళ్లు, ఇంటికి ఐదుగురు, మొత్తం 200 మంది. జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు. అంటే ఊరికి 11,000 లీటర్లు. రోజుకి 86,400 సెకన్లు. పది లీటర్ల బకెట్ 78 సెకన్లలో నిండితే సరిగ్గా సరిపోతుంది. 40 సెకన్లలో నిండితే రోజుకి 21,600 లీటర్లు, అంటే ఊరు పెరిగినా పశువులకి వాడినా ఇబ్బంది లేదు. రెండు నిమిషాలు పట్టిందంటే ఈ ఒక్క ఊట చాలదు, ఇంకోటి వెతకాలి. నవంబర్‌లో వలిసె పూలు చూడ్డానికి వెళ్లి కొలిస్తే మాత్రం ఏ ఊటైనా బ్రహ్మాండంగానే కనిపిస్తుంది. ఆ లెక్కతో ప్రాజెక్ట్ కడితే మే నెలలో కుళాయి ఎండిపోతుంది.

ఎత్తు కూడా చూడాలి. పది మీటర్లు దిగితే పైపులో సుమారు ఒక కేజీ ప్రెషర్ పెరుగుతుంది. ఊట ఊరికంటే 80 మీటర్లు పైన ఉంటే, కుళాయిలన్నీ కట్టేసినప్పుడు కింద ఎనిమిది కేజీల ప్రెషర్. ఆరు కేజీల పైపు వేస్తే పగులుతుంది. మధ్యలో చిన్న తొట్టి కట్టి ప్రెషర్‌ని విడగొట్టాలి. దీని డిజైన్ ఇంజనీర్‌కే వదిలేయండి, కానీ ఈ ప్రశ్న అడగడం మీకు తెలిసి ఉండాలి. నీళ్లకి టెస్ట్ కూడా చేయించాలి. ఊట నీరు తేటగా కనిపించినా పైన పశువులు తిరిగితే సూక్ష్మక్రిములు కలుస్తాయి. ఊట చుట్టూ కంచె వేయాలి, పెట్టెకి మూత ఉండాలి, వానాకాలంలో క్లోరిన్ కలపాలి.

ఇది ఏజెన్సీ, రూల్స్ వేరు

అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది, కేంద్రం పాడేరు. ఈ కొండలు రాజ్యాంగంలోని ఐదో షెడ్యూల్ కిందికి వస్తాయి. ఇక్కడ 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు. అంటే క్లబ్ పేరుతో రెండు సెంట్లు కొని ట్యాంక్ కడదాం అనుకుంటే కుదరదు. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు మీరు వినే ఉంటారు. ఆ కేసు పుట్టింది మన బొర్రా గుహల పక్కన, అనంతగిరి మండలంలోని మైనింగ్ లీజుల మీద. ఇక్కడి భూమిని ప్రభుత్వం కూడా గిరిజనేతరులకి లీజుకి ఇవ్వకూడదని ఆ తీర్పు చెప్పింది. ఇంత పోరాడి నిలబెట్టుకున్న నేల మీద, మంచి పనికే అయినా, అడక్కుండా గునపం వేయడం మర్యాద కాదు.

1996 పెసా చట్టం ప్రకారం ఊళ్లో అభివృద్ధి పనులకి గ్రామసభ ఆమోదం ఉండాలి. కాబట్టి మొదటి కాగితం గ్రామసభ తీర్మానం. గ్రాంట్ ఫారమ్ దాని తర్వాతే.

ఊట అడవిలో ఉంటే అటవీ శాఖ అనుమతి కావాలి. 2006 అటవీ హక్కుల చట్టంలో దీనికి దారి ఉంది. తాగునీటి పైపులైన్ లాంటి పనులకి హెక్టారు లోపు అటవీ భూమి ఇవ్వొచ్చు. హెక్టారుకి 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫార్సు ఉండాలి. కాకపోతే అది ప్రభుత్వం నిర్వహించే పనులకే. అందుకని పాడేరు ఐటీడీఏతోనో, గ్రామీణ నీటి సరఫరా శాఖతోనో కలిసి చేయాలి. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది. ఆ ఊరికి జల్ జీవన్ మిషన్‌లోనో, ఆదిమ తెగల కోసం 2023లో వచ్చిన పీఎం జన్‌మన్‌లోనో పని ఇప్పటికే మంజూరై ఉంటే అక్కడే తెలిసిపోతుంది. అప్పుడు మీ డబ్బు ఆ రెండు పథకాలూ చేరని పక్క గూడేనికి వెళ్తుంది.

స్పానర్ ఎవరి చేతిలో?

గ్లోబల్ గ్రాంట్ ఫారమ్‌లో ఒక ప్రశ్న ఉంటుంది: గ్రాంట్ అయిపోయాక దీన్ని ఎవరు నడుపుతారు, ఖర్చు ఎక్కడి నుంచి వస్తుంది? నాకైతే మొత్తం ఫారమ్‌లో ఇదే ముఖ్యమైన ప్రశ్న.

40 ఇళ్లు నెలకి 30 రూపాయలు వేసుకుంటే 1,200. ఏడాదికి 14,400. మోటార్ లేని స్కీమ్‌లో కుళాయిలు, వాల్వులు, పైపు జాయింట్లు మార్చడానికి ఇది చాలా వరకు సరిపోతుంది. అదే ఆర్వో ప్లాంట్‌కి అయితే చాలదు. ఎంత కట్టగలరో ఊరి వాళ్లనే అడగండి. కాఫీ, మిరియాలు అమ్మిన సీజన్‌లో ఒకేసారి కడతాం అంటే అలాగే పెట్టుకోండి. నీళ్లు మోసేది ఆడవాళ్లు కాబట్టి కమిటీలో వాళ్లే ఎక్కువ ఉండాలి. ఊళ్లో ఇద్దరికి పైపు అతికించడం, వాల్వు మార్చడం నేర్పి, ఒక టూల్ బాక్స్ ఇవ్వండి. ట్రైనింగ్ ఖర్చు గ్రాంట్ బడ్జెట్‌లోనే పెట్టుకోవచ్చు.

క్లబ్ వైపు కూడా బాధ్యత ఉంది. గ్రాంట్ కావాలంటే క్లబ్ వాళ్లు ముందు గ్రాంట్ మేనేజ్‌మెంట్ ట్రైనింగ్‌కి హాజరై ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ప్రాజెక్ట్‌కి విడిగా బ్యాంక్ ఖాతా, ఇద్దరి సంతకాలు ఉండాలి. పని నడుస్తుంటే ఏడాదికోసారి రిపోర్ట్, అయిపోయాక రెండు నెలల్లో ఫైనల్ రిపోర్ట్. బిల్లులు కనీసం ఐదేళ్లు దాచాలి. నా సలహా ఒకటే: ఆ లెక్కల కాపీ ఒకటి ఊరి కమిటీకి కూడా ఇవ్వండి. డబ్బు వాళ్ల పేరు మీదే వచ్చింది కదా.

మరి మనం ఏం చేయొచ్చు?

18 ఏళ్లు నిండితే రోటరాక్ట్‌లో చేరొచ్చు. 2022 జూలై నుంచి రోటరాక్ట్ క్లబ్బులు కూడా గ్లోబల్ గ్రాంట్‌కి స్పాన్సర్‌గా ఉండొచ్చు. అంతకుముందు ఒక రోటరీ క్లబ్‌తో కలిసి గ్లోబల్ గ్రాంట్ పని చేసి ఉండాలి, అంతే. చేరకపోయినా పర్లేదు. క్లబ్బుల్లో పెద్దవాళ్లకి డబ్బు, పరిచయాలు ఉంటాయి. ఎండాకాలంలో కొండెక్కి బకెట్ పట్టుకుని కూర్చునే ఓపిక మనకి ఉంటుంది. ఊట లొకేషన్, కొలిచిన తేదీ, బకెట్ నిండిన టైమ్, ఇళ్ల సంఖ్య, గ్రామసభలో ఎవరు ఏం అన్నారు, ఇవన్నీ ఫోన్‌లో నోట్ చేసి రెండు పేజీల్లో పెడితే కమ్యూనిటీ అసెస్‌మెంట్‌లో సగం అయిపోయినట్టే. ఏజెన్సీ ఊళ్ల నుంచి చూస్తున్న ఫ్రెండ్స్, మీకైతే ఇంకా సులువు. కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే అవ్వ ఏం చెప్తోందో మాకు మీరే చెప్పాలి. బయటివాళ్లు వచ్చి రాసేదాకా ఆగకండి, మీ ఊరి రెండు పేజీలు మీరే రాయండి.

రిబ్బన్ కట్ చేసిన రోజు ఫోటో అందరూ పెడతారు. ఏడాది తర్వాత, మే నెలలో, అదే కుళాయి కింద నిండుతున్న బిందె ఫోటో మీరు పెట్టండి. ఆ ఫోటో పెట్టే ఛాన్స్ నేను ఒకసారి పోగొట్టుకున్నాను. మీరు పోగొట్టుకోకండి.

నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.